‘కర్త అజ్ఞాతం’ అని రాసిందెవరు? ఎలిజబెత్ కాటన్ రికార్డు కథ



పోయిన నెల డిగ్రీ రెండో సంవత్సరం పిల్లలకు జానపద గేయాల పాఠం చెబుతూ ఫోన్లోంచి ఒక ఇంగ్లీషు పాట వినిపించాను. ఒక్కటే గిటారు, దాంతోపాటు ఒక పెద్దావిడ గొంతు. ఇంటిపని చేసుకుంటూ తనకోసం తను పాడుకుంటున్నట్టు ఉంటుంది. పాట అయ్యాక “ఇది ఎవరు రాసి ఉంటారు?” అని అడిగాను.

“జానపదంలా ఉంది మేడమ్” అన్నాడు ముందు బెంచీ అబ్బాయి.

“అయితే రాసిందెవరు?”

“జానపదానికి రాసినవాళ్ళు ఉండరు కదా మేడమ్. కర్త అజ్ఞాతం.”

వాణ్ణి ఏమీ అనలేకపోయాను. ఆ ముక్క నా నోట్సులోదే. నేను చదువుకున్నప్పుడు మా సార్లు చెప్పారు, నేను మా పిల్లలకు చెప్పాను. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న అది.

కానీ ఆ పాటకు కర్త ఉంది. ఆమె పేరు ఎలిజబెత్ కాటన్. అమెరికాలో నల్లజాతి కుటుంబంలో పుట్టిన మనిషి. జీవితంలో ఎక్కువ భాగం తెల్లవాళ్ళ ఇళ్ళలో పనిచేసి బతికింది. ఆ పాట కట్టేనాటికి ఆమెకు పదకొండో పన్నెండో ఏళ్ళు. అది రికార్డుగా ఆమె పేరుతో బయటికి వచ్చేనాటికి అరవై దాటాయి. ఈ మధ్య కాలంలో ఆ పాట సముద్రం దాటింది. వేరేవాళ్ళ పేరుతో అచ్చయింది. వేరేవాళ్ళకు డబ్బు తెచ్చిపెట్టింది. ఈ వారం ఆ కథ రాస్తాను.

అమెరికా నల్లవాళ్ళ చరిత్ర మనకు పరాయిది కాదు. 1873లో జోతిరావు ఫూలే తన ‘గులాంగిరి’ని బానిసత్వం రద్దుకు నిలబడ్డ అమెరికా ప్రజలకు అంకితమిచ్చారు. 1946లో బాబాసాహెబ్ డుబోయిస్‌కు ఉత్తరం రాశారు. 1972లో బొంబాయి యువకులు బ్లాక్ పాంథర్లను చూసి దళిత్ పాంథర్స్ అని పేరు పెట్టుకున్నారు. వాళ్ళ నాయకుల గురించి, ఉద్యమాల గురించి మనం ఎంతో కొంత చదివాం. వాళ్ళ పనిమనుషుల గురించి తక్కువ చదివాం.

*

ఎలిజబెత్ 1893లో నార్త్ కరోలినా రాష్ట్రంలో, చాపెల్ హిల్ పక్కన పుట్టింది. ఆ ఊరిని ఇప్పుడు కార్‌బరో అంటారు. ఐదుగురు పిల్లల్లో ఆఖరిది. ఇంట్లో అందరూ ముద్దుపేర్లతో పిలిచేవాళ్ళు గానీ అసలు పేరంటూ పిలిచింది లేదు. బడికి వెళ్ళిన మొదటిరోజు టీచరు పేరేమిటని అడిగితే, ఆ పిల్ల తనకు తనే “ఎలిజబెత్” అని చెప్పేసింది. మన వాడల్లో ఎంతమందికి బడి రిజిస్టరులో పంతుళ్ళు తోచిన పేరు, తోచిన పుట్టినరోజు రాసిపెట్టారో మీకు తెలుసు. ఈ పిల్ల తన పేరు తనే రాయించుకుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరమవుతుంది.

ఆమె పుట్టిన మూడేళ్ళకు, 1896లో, ప్లెస్సీ కేసులో అమెరికా సుప్రీం కోర్టు తీర్పు వచ్చింది. రైలు పెట్టెల్లో నల్లవాళ్ళను వేరుగా కూర్చోబెట్టడం రాజ్యాంగానికి విరుద్ధం కాదన్నది ఆ తీర్పు. 1898లో ఆమె రాష్ట్రంలోనే విల్మింగ్టన్ పట్నంలో తెల్ల ఆధిపత్యవాదులు ఎన్నికైన ప్రభుత్వాన్ని ఆయుధాలతో కూలదోసి నల్లవాళ్ళను చంపారు, తరిమారు. 1899లో నార్త్ కరోలినా కూడా రైళ్ళలో వేరు పెట్టెల చట్టం చేసింది. 1900లో చదువు పరీక్ష పెట్టి నల్లవాళ్ళ ఓటు తీసేసింది. అప్పటికి ఆమెకు ఏడేళ్ళు.

ఇంటి దగ్గర్లోంచే రైలు పట్టాలు పోయేవి. ఆ పిల్ల కట్టిన పాట పేరు ‘ఫ్రైట్ ట్రైన్’. గూడ్సు బండి. పాటలో ఒక మనిషి పారిపోతుంటుంది. తను ఏ బండి ఎక్కిందో ఎవరికీ చెప్పొద్దంటుంది. చచ్చిపోతే ఆ బండి చప్పుడు వినబడేంత దగ్గర్లో పూడ్చమంటుంది. ప్యాసింజరు బండిలో ఆ పిల్ల ఎక్కడ కూర్చోవాలో చట్టం రాసిపెట్టింది. గూడ్సు బండిలో సీట్లే ఉండవు. ఆ పిల్ల ఇదంతా ఆలోచించి కట్టిందని నేను అనను. కానీ పాట ఎవరు కట్టారో, ఎప్పుడు, ఎక్కడ కట్టారో తెలిస్తేనే మనకు ఈ ఆలోచన వస్తుంది. ‘అమెరికా జానపదం’ అనుకుని వింటే అది ఒక అందమైన రైలు పాట, అంతే.

*

ఆమెకు సంగీతం ఎవరూ నేర్పలేదు. అన్న బాంజోను అన్న లేనప్పుడు తీసి వాయించేది. అన్న ఇల్లు వదిలి వెళ్ళేటప్పుడు బాంజో కూడా వెళ్ళిపోయింది. ఇక సొంతానికి ఒక వాయిద్యం కావాలి. నాలుగు క్లాసులతో చదువు ఆపి ఇళ్ళలో పనికి కుదిరింది. మొదటి జీతం నెలకు 75 సెంట్లు. కొనుక్కున్న స్టెల్లా గిటారు ధర 3 డాలర్ల 75 సెంట్లు. లెక్క మీరే వేయండి. ఒక్క సెంటు కూడా ఖర్చుపెట్టకుండా దాచినా ఐదు నెలల జీతం.

ఆమెది ఎడమచేతి వాటం. గిటార్లు కుడిచేతి వాళ్ళ కోసం చేస్తారు. ఎడమచేతి వాళ్ళు తీగలు విప్పి వరస తిరగేసి బిగించుకోవాలి. ఆమె అలా చెయ్యలేదు. గిటారునే తిరగేసి పట్టుకుంది. దాంతో మందర తీగలు కిందికి, సన్న తీగలు పైకి వచ్చాయి. అందరూ బొటనవేలితో వాయించే మంద్ర స్వరాన్ని ఆమె చూపుడువేలితో వాయించింది. వేళ్ళతో వాయించే పాటను బొటనవేలితో వాయించింది. ప్రపంచమంతా ఇవాళ దాన్ని ‘కాటన్ పికింగ్’ అంటుంది. వేళ్ళతో గిటారు మీటడం నేర్చుకునే పిల్లలకు మొదట్లోనే నేర్పే పాటల్లో ‘ఫ్రైట్ ట్రైన్’ ఒకటి.

పదిహేడేళ్ళకు పెళ్ళయింది. ఒక కూతురు. చర్చిలో చేరాక, ఈ లోకం పాటలు పాడుతూ దేవుణ్ణి కొలవడం కుదరదని పెద్దలు చెప్పారు. గిటారు పక్కన పెట్టేసింది. మన వాడల్లో చర్చి మనకు చదువునిచ్చింది, మర్యాదనిచ్చింది, ఆదివారం తెల్లబట్టలు కట్టుకుని కూర్చునే చోటునిచ్చింది. అదే చర్చి కొన్నిచోట్ల మన పెద్దవాళ్ళ డప్పును, పాటను ‘పాత జీవితం’ అని పక్కన పెట్టించింది కూడా. ఈ రెండూ తెలిసిన వాళ్ళకు ఎలిజబెత్ మౌనం అర్థమవుతుంది. ఆ మౌనం దశాబ్దాలు సాగింది.

*

1940లలో భర్త నుంచి విడిపోయి వాషింగ్టన్ నగరం చేరింది. అక్కడ లాన్స్‌బర్గ్స్ అనే పెద్ద బట్టల దుకాణంలో బొమ్మలమ్మే పని. ఒకరోజు ఒక తెల్లపిల్ల దుకాణంలో తప్పిపోయింది. ఎలిజబెత్ ఆ పిల్లను వెతికి తల్లికి అప్పజెప్పింది. ఆ తల్లి ఆమెను తమ ఇంట్లో పనికి రమ్మంది.

ఆ తల్లి రూత్ క్రాఫర్డ్ సీగర్. పేరున్న స్వరకర్త. ఆమె భర్త చార్లెస్ సీగర్ సంగీత శాస్త్రవేత్త. గాయకుడు పీట్ సీగర్ ఆయన మొదటి భార్య కొడుకు. రూత్ చేసిన పెద్దపని ఏమిటో తెలుసా? జానపద గీతాలను సేకరించడం, స్వరపరచడం. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ రికార్డుల్లో ఉన్న పాటలను చెవిపెట్టి విని, మళ్ళీ మళ్ళీ విని, కాగితం మీద స్వరాలు రాసేది. 1948లో పిల్లల కోసం జానపద గీతాల పుస్తకం కూడా వేసింది. అమెరికా నలుమూలల అజ్ఞాత గాయకుల పాటలు ఆ ఇంటి ముందు గదిలో మోగుతుండేవి. వంటగదిలో ఎలిజబెత్ వంట చేసేది, బట్టలు ఇస్త్రీ చేసేది.

కొంతకాలం ఎవరూ ఆమెను ‘నీకేమైనా పాటలు వచ్చా?’ అని అడగలేదు.

సీగర్లు చెడ్డవాళ్ళు కాదు. వామపక్ష భావాల వాళ్ళు. జాతి వివక్షను మనసారా అసహ్యించుకున్నవాళ్ళు. అందుకే ఈ సంగతి మనకు ముఖ్యం. పాట ఎక్కడో దూరాన కొండల్లో, పొలాల్లో, జైళ్ళలో ఉంటుందని వాళ్ళకు తెలుసు. తమ వంటింట్లో ఉండొచ్చని తట్టలేదు. మనిషి చేతిలో గరిటె ఉన్నప్పుడు ఆమె పనిమనిషిగానే కనిపిస్తుంది. మన దగ్గర కూడా శ్రామిక జన సంస్కృతి మీద సదస్సు జరుగుతుంటే, హాలు బయట టీ కప్పులు కడిగే అమ్మను ఎవరూ అడగరు.

చివరికి ఒకరోజు గోడకు తగిలించి ఉన్న గిటారును ఎలిజబెత్ తీసి వాయిస్తుంటే పెగ్గీ చూసింది. దుకాణంలో తప్పిపోయిన పిల్ల ఈ పెగ్గీయే. అప్పటికి గిటారు వదిలేసి ఎన్నో ఏళ్ళయినా, వేళ్ళకు పాటలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఆ ఇంటి చిన్నపిల్ల పెట్టిన ‘లిబ్బా’ అనే ముద్దుపేరుతోనే తర్వాత లోకం ఆమెను పిలిచింది.

ఈ ఘట్టాన్ని చాలామంది ‘సీగర్లు ఆమెను కనుగొన్నారు’ అని రాస్తారు. తప్పిపోయింది పెగ్గీ. కనుగొన్నది ఎలిజబెత్. చరిత్రలో మాత్రం అది తిరగబడింది.

*

పాట మనిషిని వదిలి ఎలా వెళ్ళిపోతుందో ఇప్పుడు చూద్దాం.

పెగ్గీ పెద్దదై గాయని అయింది. 1950ల మధ్యలో ఇంగ్లండు వెళ్ళి అక్కడ ‘ఫ్రైట్ ట్రైన్’ పాడింది. అప్పుడు అక్కడి కుర్రాళ్ళలో స్కిఫుల్ అనే సంగీతం ఊపు మీద ఉంది. చౌక గిటారు, బట్టలుతికే రేకు పలక, అమెరికా నల్లవాళ్ళ పాటలు ఉంటే చాలు, బృందం తయారు. ఆ పాట అక్కడ నోటినోటా పాకింది. 1957లో చాస్ మెక్‌డెవిట్ బృందం, నాన్సీ విస్కీ గొంతుతో వేసిన రికార్డు బ్రిటన్‌లో మొదటి ఐదు స్థానాల్లోకి వెళ్ళింది. లివర్‌పూల్‌లో తర్వాత బీటిల్స్‌గా మారిన కుర్రాళ్ళ బృందం కూడా ఆ పాట పాడేది.

రికార్డు మీద రచయితల పేర్లు పాల్ జేమ్స్, ఫ్రెడ్ విలియమ్స్ అని ఉన్నాయి. కాపీరైటు వాళ్ళది.

వాషింగ్టన్‌లో ఎలిజబెత్ అప్పటికీ ఇళ్ళలో పనిచేస్తోంది.

ఈ దోపిడీ ఎలా సాధ్యమైందో అర్థం చేసుకోండి. ఒక పేరున్న రచయిత పాటను ఎత్తుకుంటే దాన్ని దొంగతనం అంటారు. జానపదాన్ని ఎత్తుకుంటే ఏమీ అనరు, ఎందుకంటే దానికి సొంతదారు లేడని ముందే తీర్మానం అయిపోయింది. సొంతదారు లేని పొలాన్ని మొదట కంచె వేసినవాడు తనది అంటాడు. బంజరు భూముల కథ తెలిసిన వాళ్ళకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. ఆ భూమిని అప్పటికే దున్నుకుంటున్న మనిషి ఉంటాడు. కానీ పట్టాలో ఉండడు.

ఆ తర్వాత సీగర్ కుటుంబం ఆమె తరఫున నిలబడింది. వివాదం నడిచింది. చివరికి రచయితగా ఆమె పేరు ఆ పాటకు చేరింది. పట్టా వచ్చింది, పంట చాలావరకు పోయాక.

*

ఆ వివాదం నడిచే రోజుల్లోనే, పెగ్గీ అన్న మైక్ సీగర్ టేపు రికార్డరు పట్టుకుని ఎలిజబెత్ ఇంటికి వెళ్ళాడు. స్టూడియో లేదు, వెనక వాద్యబృందం లేదు. ఆమె, ఆమె గిటారు, బాంజో. ఆ టేపులను 1958లో ఫోక్‌వేస్ సంస్థ రికార్డుగా వేసింది. ఫోక్‌వేస్ పెద్ద కంపెనీ కాదు. వార్సాలో పుట్టిన యూదు వలసదారు మోజెస్ ఆష్ 1948లో న్యూయార్క్‌లో పెట్టిన చిన్న స్వతంత్ర సంస్థ. ఎంత తక్కువ అమ్ముడైనా తన రికార్డులను అమ్మకంలోంచి తీసేయకుండా ఉంచడం ఆయన పద్ధతి.

రికార్డు పేరు ‘ఫోక్‌సాంగ్స్ అండ్ ఇన్‌స్ట్రుమెంటల్స్ విత్ గిటార్’. జానపద గీతాలూ, గిటారు వాద్యమూ అని. ‘నీగ్రో’ జానపద గీతాలు అనే పేరుతో కూడా అది అమ్ముడైంది. ఇప్పుడు దొరికే ప్రతి మీద ‘ఫ్రైట్ ట్రైన్’ పేరే ముందుంటుంది.

ఈ రికార్డును పరిచయం చేసేటప్పుడు ‘కంట్రీ, ఫోక్, బ్లూస్‌ల మేళవింపు’ అని రాస్తుంటారు. వింటే అలాగే అనిపిస్తుంది. ఒక పాట బ్లూస్. పక్కనే తెల్లవాళ్ళ పల్లె నాట్యాలకు వాయించే తరహా గత్తు. ఆ పక్కన ‘విల్సన్ రాగ్’ అనే చురుకైన రాగ్‌టైమ్. ఇంకో చోట చర్చి కీర్తనల బాణీలు, గిటారు మీద మాటల్లేకుండా. వాటిలో ‘వాట్ ఎ ఫ్రెండ్’ బాణీ రాగానే నేను ఆగిపోయాను. మా వాడ చర్చిలో చిన్నప్పుడు తెలుగు మాటలతో విన్న బాణీ అది.

కానీ మేళవింపు అనాలంటే అవి ముందు విడివిడిగా ఉండాలి కదా. ఎవరు విడదీశారు?

1920లో మేమీ స్మిత్ పాడిన బ్లూస్ రికార్డు విపరీతంగా అమ్ముడయ్యాక, నల్లవాళ్ళు కూడా రికార్డులు కొంటారని కంపెనీలకు తెలిసింది. వాళ్ళకోసం ‘రేస్ రికార్డులు’ అని వేరే జాబితా తీశారు. 1923లో జార్జియాకు చెందిన తెల్ల ఫిడేలు వాద్యకారుడు జాన్ కార్సన్ రికార్డు అమ్ముడయ్యాక, పల్లె తెల్లవాళ్ళకు ‘హిల్‌బిల్లీ’ అని ఇంకో జాబితా తయారైంది. రెండు రకాల పాటల వెనకా ఓకే అనే ఒకే కంపెనీ, రాల్ఫ్ పీర్ అనే ఒకే మనిషి ఉన్నారు. 1949లో బిల్‌బోర్డ్ పత్రిక ఈ పేర్లు మార్చింది. ‘రేస్’ కాస్తా ‘రిథమ్ అండ్ బ్లూస్’ అయింది. రెండోది ‘కంట్రీ అండ్ వెస్టర్న్’ అయింది. పేర్లు మారాయి గానీ గోడ అలాగే ఉంది.

గోడకు ముందు జనం ఎలా వాయించేవాళ్ళు? బాంజో పశ్చిమ ఆఫ్రికా సొరకాయ బుర్ర వాయిద్యాల సంతతి. బానిసలుగా తెచ్చినవాళ్ళు తమతోపాటు ఆ జ్ఞాపకాన్నీ తెచ్చుకుని ఇక్కడ మళ్ళీ తయారు చేసుకున్నారు. ఇవాళ దాన్ని చూడగానే తెల్ల కొండప్రాంతం గుర్తొస్తుంది. కంట్రీ సంగీతానికి మూలపురుషుడనే ఎ.పి. కార్టర్ పాటల వేటలో తిరిగినప్పుడు పక్కన లెస్లీ రిడిల్ అనే నల్ల గిటారిస్టు ఉండేవాడు. హ్యాంక్ విలియమ్స్‌కు చిన్నప్పుడు నేర్పింది రూఫస్ పేన్ అనే నల్ల వీధి గాయకుడు. వీళ్ళ పేర్లు మీలో ఎంతమంది విన్నారు?

కాబట్టి ఎలిజబెత్ మూడు కుండల్లోంచి తెచ్చి కలపలేదు. ఆమె ఊళ్ళో అది ఒకటే చెరువు. తర్వాత వ్యాపారులు గట్లు వేసి ఇది వీళ్ళ నీళ్ళు, అది వాళ్ళ నీళ్ళు అన్నారు. ఆమె చర్చి మౌనంలో ఉండిపోవడం వల్ల, గట్లు పడకముందు చెరువు ఎలా ఉండేదో ఆ వేళ్ళు గుర్తుంచుకున్నాయి. ఆ రికార్డు విలువ నాకు అక్కడ కనిపిస్తుంది. సంగీతంలో వెలివాడ ఎప్పుడు కట్టారో చెప్పే సాక్ష్యం అది.

*

అదే రికార్డులో ఇంకో పాట ఉంది. ‘ఓ బేబ్ ఇట్ ఎయింట్ నో లై’. ఇది అబద్ధం కాదు అని అర్థం. ‘బేబ్’ అనే మాట ఉంది కాబట్టి వినేవాళ్ళు ప్రేమపాట అనుకుంటారు. తర్వాత జెర్రీ గార్సియా లాంటి పెద్ద గాయకులు కూడా దాన్ని పాడారు.

అది ప్రేమపాట కాదు. చిన్నప్పుడు ఇరుగింటి ఆవిడ ఒకరు తన మీద లేనిపోనివి తల్లికి చెబితే, తల్లి తనను శిక్షించింది. చెయ్యని తప్పుకు శిక్షపడ్డ పిల్ల కట్టుకున్న పాట అది. పెద్దవాళ్ళ ముందు చెప్పుకోవడానికి వీల్లేని మాటను పాటలో పెట్టుకుంది.

ఎవరు కట్టారో తెలియకపోతే ఈ పాటకు ఏమవుతుందో చూడండి. సాక్షి పోతుంది, ఫిర్యాదు పోతుంది, అబద్ధం చెప్పిన మనిషి కూడా పోతుంది. మిగిలేది ఒక మంచి బాణీ.

*

తర్వాత సంగతులు క్లుప్తంగా. 1960లో స్వార్త్‌మోర్ కాలేజీలో మైక్‌తో కలిసి మొదటి కచేరీ చేసింది. ఆ తర్వాత కూడా కొన్నేళ్ళు ఇళ్ళలో పని మానలేదు. రెండో రికార్డు ‘షేక్ షుగరీ’ 1967లో వచ్చింది. అందులో ఆ పేరు పాటను మునిమనవరాలు పాడింది. కచేరీల డబ్బుతో, రికార్డుల డబ్బుతో న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లో ఇల్లు కొనుక్కుంది. 1984లో జాతీయ వారసత్వ కళాకారుల గౌరవం దక్కింది. 1985లో గ్రామీ అవార్డు వచ్చింది, తొంభై దాటాక. 1987లో చనిపోయింది. 2022లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో పేరు చేర్చారు, పోయిన ముప్పై అయిదేళ్ళకు.

దీన్ని విజయగాథగా చెప్పుకోవచ్చు. నాకు మాత్రం వేరే లెక్క వస్తుంది. ఆ ఒక్క పిల్ల ఆ దుకాణంలో తప్పిపోకపోతే, ఆ ఇల్లు సంగీతం తెలిసిన ఇల్లు కాకపోతే, గోడకు గిటారు లేకపోతే? ఇన్ని యాదృచ్ఛికాలు కలిస్తే ఒక ఎలిజబెత్ మనకు దక్కింది. ఏ ఒక్కటీ కలవని వంటిళ్ళు ఎన్ని ఉన్నాయో ఎవరు లెక్కేశారు?

*

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుందని నాకు తెలుసు. మా డిపార్ట్‌మెంట్‌లో ఒక పెద్దాయన అననే అన్నారు: “జానపదం సమష్టి సృష్టి అమ్మా. పేరు అడగడం వ్యక్తివాదం. పాట ప్రజలదైపోవడం కన్నా గొప్ప గౌరవం ఏముంటుంది?”

ఇందులో నిజం ఉంది. ఎలిజబెత్ రికార్డులో ఎక్కువ పాటలు ఆమె కట్టినవి కావు. అన్నల దగ్గర, ఇరుగుపొరుగు దగ్గర విని నేర్చుకున్నవి. పాట నోళ్ళు మారుతూ మారుతుంది, పెరుగుతుంది. ప్రతి పాటకూ ఒకే కర్త ఉంటారని నేను అనడం లేదు.

కానీ ‘అందరిదీ’ అనడం వేరు, ‘ఎవరిదీ కాదు’ అనడం వేరు. ఫ్రైట్ ట్రైన్ అందరిదీ అయినప్పుడు పిల్లలు పాడుకున్నారు, అది మంచిదే. ఎవరిదీ కాదు అనుకున్నప్పుడు ఇద్దరు కాపీరైటు రాయించుకున్నారు. ఇంకో మాట. ఈ సమష్టి గౌరవం ఎప్పుడూ కూలివాళ్ళకే ఎందుకు దక్కుతుంది? శతకాల్లో, కీర్తనల్లో కవులు మకుటం పెట్టి, ముద్ర వేసి మరీ పేరు నిలుపుకున్నారు. వాళ్ళ పేర్లు, ఊళ్ళు, గోత్రాలు, తేదీల మీద మనం పిహెచ్.డి.లు చేస్తాం. నాట్లు వేసే ఆడమనిషి దగ్గరికి వచ్చేసరికి మనకు సమష్టి సిద్ధాంతం గుర్తొస్తుంది.

*

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. చెప్పకుండా ఈ వ్యాసం ముగిస్తే అన్యాయం.

నా పిహెచ్.డి. సిద్ధాంత గ్రంథం చివర అనుబంధం ఉంది. నేను మా చుట్టుపక్కల ఊళ్ళలో సేకరించిన పాటల పట్టిక. వరస సంఖ్య, పాట మొదటి పాదం, ఊరు, సందర్భం, పాడినవారి కులం, వయసు. ఇవీ గళ్ళు. పాత సిద్ధాంత గ్రంథాలు చూసి గీసుకున్నవే. కులం గడి ఉంది. కట్టినవారు అనే గడి లేదు. అందులో మా అమ్మమ్మ పాడిన నాట్ల పాట కూడా ఉంది. పట్టికంతటికీ పైన ఒక వాక్యం రాశాను: ఈ గేయాలకు కర్తలు అజ్ఞాతం.

డిగ్రీ వచ్చాక బైండు పుస్తకం తీసుకెళ్ళి అమ్మమ్మకు చూపించాను. ఆమెకు చదువు రాదు. ఆమె పాట ఉన్న పేజీ తీసి చదివి వినిపించాను. అంతా విని అడిగింది.

“నేను కట్టానని రాయలేదేంటే?”

“నువ్వు కట్టావా అమ్మమ్మా? నాకు చెప్పలేదే!”

“నువ్వడిగితే కదా చెప్పేది. ఏమేం పాటలు వచ్చు అన్నావు, పాడాను. ఎవరు కట్టారని అడిగావా?”

ఆ తర్వాత చెప్పింది. కూలిగింజలు కొలిచేటప్పుడు కామందు చిన్న కుంచం వాడాడట ఒక ఏడు. అడిగితే పనిలోంచి తీసేస్తాడు. ఆమె నాటులో పాట కట్టింది. అందులో ఆ కామందు పేరు కూడా ఉండేదట. నోళ్ళు మారేసరికి, వేరే ఊళ్ళకు వెళ్ళేసరికి ఆ పేరు ఊడిపోయింది. నేను సేకరించే నాటికి అది వాన గురించి, గింజల గురించి ఒక చక్కటి శ్రమగేయం. నా సిద్ధాంత గ్రంథంలో దానికి ‘శ్రామిక స్త్రీల సౌందర్య దృష్టి’ అని వ్యాఖ్యానం కూడా రాశాను. దొంగ కుంచం గురించి కట్టిన పాటకు సౌందర్య దృష్టి!

సీగర్ల ఇంట్లో వంటగది గురించి ఇంతసేపూ రాశాను. మా ఇంట్లో అది అమ్మమ్మ కూర్చునే అరుగు. వాడ బిడ్డనైనా, పిహెచ్.డి. కాగితాలు చేతిలోకి వచ్చేసరికి నేనూ ముందు గదిలో కూర్చున్నాను. నా దగ్గరున్న ప్రతిలో ఆ పాట పక్కన పెన్నుతో అమ్మమ్మ పేరు రాశాను. లైబ్రరీలో ఉన్న ప్రతిలో ఆమె ఇంకా అజ్ఞాతమే.

అందుకే పిల్లలకు, పరిశోధకులకు, పాటలు సేకరించే మన కార్యకర్తలకు ఒక మాట. ఫోన్లో రికార్డు చేసే ముందు మూడు ప్రశ్నలు అడగండి. ఇది ఎవరు కట్టారు? ఎప్పుడు, ఏం జరిగినప్పుడు కట్టారు? మొదట్లో ఇందులో ఎవరి పేరైనా ఉండేదా? తెలియదంటే తెలియదని రాయండి. ‘ఫలానా ఊళ్ళో, ఫలానా ఆమె దగ్గర విన్నాను, కట్టినవారెవరో ఆమెకు తెలియదన్నది’ అని రాయండి. దానికీ, అజ్ఞాతం అనే మాటకూ చాలా తేడా ఉంది. మొదటిది వెతకడానికి దారి చూపిస్తుంది, రెండోది తలుపు మూసేస్తుంది. పాడినవారి పేరు, అనుమతి లేకుండా ఎక్కడా పెట్టకండి. పాట మీద నాలుగు రూపాయలు వస్తే వాళ్ళకు చేరాలి.

నోట్సులో మొదటి వాక్యం మార్చాను. ఇప్పుడు ఇలా ఉంది: “జానపద గేయాలు కట్టినవారిలో చాలామంది పేర్లు రాసిపెట్టబడలేదు.” రెండు మార్కుల ప్రశ్నకు ఇదే రాయమని పిల్లలకు చెప్పాను.

పోయిన వారం ఆ ముందు బెంచీ అబ్బాయి క్లాసు అయ్యాక వచ్చాడు. “మేడమ్, మా నాయనమ్మని అడిగాను. రెండు పాటలు తనవేనంట” అన్నాడు.

జై భీమ్.